హ్యాండిల్ ఎవరి చేతిలో వుంటే మాట వారిదే కావాలి

పల్లెలో ఇంటికి స్లాబు వేసే రోజంటే చిన్న పండుగే. పొద్దు పొడవక ముందే ఇసుక, కంకర కుప్పల పక్కకు మిల్లరు మిషను వచ్చి చేరుతుంది. ఇంటాయన మిషనుకు పసుపు, కుంకుమ పెట్టి, టెంకాయ కొట్టి, కర్పూరం వెలిగిస్తాడు. కూలీలకు ఇడ్లీలు, కాఫీలు అందుతాయి. ఇంత శ్రద్ధగా పని మొదలుపెట్టేవారు ఒక్క విషయంలో మాత్రం ఏ శ్రద్ధా చూపరు. మిల్లరు మీద వున్న డీజిల్ ఇంజనుకు హ్యాండిల్ తగిలించి తిప్పేది ఎవరు, ఆ పని వారికి తెలుసా అని అడిగేవారు వుండరు. గుంపులో కాస్త దిట్టంగా కనిపించిన కుర్రవాడిని చూసి "ఒరే అబ్బోడా, ఒకతూరి తిప్పురా" అంటారు. వాడు తిప్పుతాడు. చాలాసార్లు ఇంజను పలుకుతుంది, పని సాగిపోతుంది. పలకకుండా ఎదురు తన్నినప్పుడు మాత్రం ఆ కుర్రవాడు మణికట్టు పట్టుకుని కూలబడతాడు. అప్పటికప్పుడు ఇంకొకడు వచ్చి హ్యాండిల్ అందుకుంటాడు. కలిపిన సిమెంటు గట్టిపడుతుందన్న తొందర అందరిదీ.

చిత్తూరు, తిరుపతి జిల్లాల్లో హ్యాండిల్ ఇంజనుకు పెద్ద చరిత్రే వుంది. ఎద్దులతో కపిల తోలిన కాలం పోయి ఆయిల్ ఇంజన్లు వచ్చినప్పుడు బావి గట్టున ఆ టకటక శబ్దం వినిపించడం రైతుకు గొప్ప. బావుల్లో నీరు కిందికి దిగిపోయిన కొద్దీ ఇంజనును కూడా బావిలోనికే దించారు. పంపు నీటిని పాతిక అడుగులకు మించి పైకి పీల్చలేదు కనుక బావి మధ్యలో రాతి అరుగు కట్టి దాని మీద ఇంజను కూర్చోబెట్టేవారు. ఇరుకు అరుగు మీద, జారుడు రాళ్ల మీద నిలబడి, పక్కనే నీళ్లు, చుట్టూ పొగ, ఆ మధ్యలో హ్యాండిల్ తిప్పేవారు. ఆ పని చేసిన తరం వారికి ఇంజను గుణం తెలుసు. ఎక్కడ నిలబడాలో, ఎప్పుడు చెయ్యి తియ్యాలో దెబ్బలు తిని నేర్చుకున్నారు.

తర్వాత కరెంటు మోటార్లు వచ్చాయి. బోర్లు వచ్చాయి. 2004లో వ్యవసాయానికి ఉచిత విద్యుత్తు వచ్చింది. ఆయిల్ ఇంజను బావి గట్టు నుంచి కదిలిపోయింది. అంతటితో హ్యాండిల్ బాధ తీరిందని చాలామంది అనుకుంటున్నారు. తీరలేదు. ఇంజను చోటు మార్చుకుంది, అంతే. మిల్లరు మీద అదే వుంది. బెల్లం గానుగల్లో కరెంటు అందని చోట అదే వుంది. పవర్ టిల్లరు ముక్కున అదే వుంది. పెళ్లి పందిళ్ల వెనుక పాత జనరేటరుకు అదే వుంది. తాడు లాగి స్టార్టు చేసే మందు స్ప్రేయర్లు, గడ్డి కోసే యంత్రాలు దాని చిన్న తమ్ముళ్లు. ఇంజను మిగిలింది, దాని గుణం తెలిసిన తరం మాత్రం వయసు మీరి ఇంటి అరుగు మీద కూర్చుంది. ఇప్పుడు హ్యాండిల్ పట్టుకుంటున్నది ఏడాదికి పదిసార్లు కూడా ఇంజను ముట్టని కూలీ పిల్లలు. ప్రమాదమంతా ఇక్కడే వుంది.

ఇంజను ఎందుకు తన్నుతుంది?

దెబ్బ తగిలినప్పుడల్లా "గ్రహచారం" అనేవారు ఎక్కువ. గ్రహచారానికి, దీనికి సంబంధం లేదు. డీజిల్ ఇంజనులో నిప్పురవ్వ పుట్టించే ప్లగ్గు వుండదు. పిస్టను పైకి వచ్చేటప్పుడు సిలిండరులోని గాలిని పదిహేడు పద్ధెనిమిదో వంతుకు నొక్కేస్తుంది. అలా నొక్కిన గాలి కొలిమిలా వేడెక్కుతుంది. ఆ వేడి గాలిలోకి డీజిలు చిమ్మితే దానంతట అదే అంటుకుంటుంది. అయితే డీజిలు చిమ్మడం పిస్టను పూర్తిగా పైకి చేరక కొంచెం ముందే మొదలవుతుంది. చక్రం జోరు మీద వుంటే పిస్టను ఆ శిఖరాన్ని దాటి అవతలకు దిగుతుంది, మంట దానిని ముందుకే తోస్తుంది. చక్రానికి జోరు చాలకపోతే పిస్టను శిఖరం దాటక ముందే మంట అంటుకుంటుంది. అప్పుడు పిస్టను వెనక్కి తిరుగుతుంది. దానితోపాటు చక్రం, చక్రంతోపాటు హ్యాండిల్, హ్యాండిల్‌తోపాటు దానిని పట్టుకున్న చెయ్యి.

ఇక్కడ హ్యాండిల్ తయారీలో ఒక చిక్కు వుంది. హ్యాండిల్ గొట్టానికి ఏటవాలుగా కోసిన గాడి వుంటుంది. ఇరుసుకున్న పిన్ను ఆ గాడిలో పడి తిరుగుతుంది. ఇంజను అందుకుని మనిషికంటే వేగంగా ముందుకు తిరిగితే ఆ ఏటవాలు వల్ల హ్యాండిల్ దానంతట అదే జారి బయటకు వస్తుంది. మంచి ఏర్పాటే. కానీ ఇంజను వెనక్కి తిరిగితే మాత్రం పిన్ను గాడిలో మరింత గట్టిగా పట్టుకుంటుంది. అంటే ముందుకు పోయేటప్పుడు వదిలే హ్యాండిల్, వెనక్కి తన్నేటప్పుడు వదలదు. వదలవలసింది మనిషి చెయ్యే. బొటనవేలు హ్యాండిల్ చుట్టూ బిగించి పట్టుకున్న చెయ్యి ఆ క్షణంలో వదలలేదు.

అందుకే పాతవారు బొటనవేలిని మిగతా నాలుగు వేళ్ల వైపే పెట్టి పట్టుకోమనేవారు. చూడడానికి చిన్న మాట. ఆ చిన్న మాట తెలియక బొటనవేళ్లు పోయాయి.

డీకంప్రెషన్ లీవరు అని ఇంజను తల మీద వుంటుంది. దానిని ఎత్తి పెడితే సిలిండరులో గాలి నిలవదు, చక్రం సులువుగా తిరుగుతుంది. బాగా జోరు వచ్చాక లీవరు వదిలితే ఇంజను అందుకుంటుంది. ఇద్దరు కలిసి చేసేటప్పుడు ఒకరు హ్యాండిల్ మీద, ఒకరు లీవరు మీద వుంటారు. లీవరు మీద వున్నవాడు తొందరపడి, హ్యాండిల్ తిప్పేవాడికి జోరు రాకముందే వదిలితే ఇంజను తన్నడానికి అంతకంటే అనుకూలం మరొకటి లేదు. తప్పు ఒకరిది, చెయ్యి ఇంకొకరిది. మిల్లర్ల దగ్గర లీవరు పని సాధారణంగా ఇంకా చిన్న పిల్లవాడికి అప్పగిస్తారు, అది తేలిక పని అని. నిజానికి రెంటిలో అదే కీలకమైన పని.

మరో రకం ముప్పు అరిగిన హ్యాండిల్‌ది. గాడి అరిగిపోయినా, పిన్ను వంగినా, ఇరుసు తుప్పు పట్టినా ఇంజను అందుకున్నాక కూడా హ్యాండిల్ బయటకు రాదు. ఇంజనుతోపాటు తిరుగుతుంది. నిమిషానికి 1500 చుట్లు తిరిగే ఇంజను అంటే సెకనుకు 25 చుట్లు. అడుగు పొడవున్న హ్యాండిల్ చివర వేగం గంటకు 170 కిలోమీటర్లు దాటుతుంది. ఆ వేగంలో అది ఊడి వస్తే ఎవరికి తగులుతుందో చెప్పలేం. ఎదురుగా నిలబడి దానిని అందుకోబోయేవారు కూడా వున్నారు. అలాంటప్పుడు చెయ్యవలసింది ఒక్కటే. అందరూ హ్యాండిల్‌కు ఎదురుగా, సరిసమంగా లేకుండా తప్పుకోవాలి. ఒకరు మాత్రం ఇంజను వెనుక పక్క నుంచి వెళ్లి డీజిలు ఆపాలి.

చలికాలంలో మదనపల్లె, పలమనేరు వైపు పొద్దున్నే ఇంజను ఒక పట్టాన పలకదు. అప్పుడు కొందరు గాలి పీల్చే గొట్టంలో పెట్రోలు చుక్కలు పోస్తారు. పెట్రోలు డీజిలుకంటే ముందే, విపరీతమైన జోరుతో అంటుకుంటుంది. తన్ను కూడా అదే జోరుతో వుంటుంది. పెట్రోలు పోసి హ్యాండిల్ తిప్పమనడం మనిషిని కావాలని దెబ్బకు నిలబెట్టడమే. ఇంజను ఒక్కోసారి వెనక్కి తన్ని, అలాగే వెనక్కే తిరుగుతూ పని చేస్తుంది కూడా. గాలి పీల్చవలసిన చోట నుంచి పొగ కక్కుతుంటే అది ఎదురు తిరుగుతున్నట్టు గుర్తు. వెంటనే ఆపాలి.

దెబ్బ తగిలినవారిలో చాలామంది ముందుగా వెళ్లేది పుత్తూరు కట్టుకే. తర్వాత నొప్పి తగ్గకపోతే తిరుపతి రుయా ఆస్పత్రికో, వేలూరుకో పోతారు. మణికట్టులో బొటనవేలి పక్క ఎముక మొన విరిగే దెబ్బకు డాక్టర్ల పుస్తకాల్లో ప్రత్యేకంగా ఒక పేరే వుంది. దానిని "షోఫర్ ఫ్రాక్చర్" అంటారు. షోఫర్ అంటే కారు డ్రైవరు. వంద సంవత్సరాల కింద కార్లకు హ్యాండిల్ తిప్పి తిప్పి డ్రైవర్ల మణికట్లు విరిగేవి. ఆ విరుపులు ఎంత ఎక్కువంటే వృత్తి పేరే ఎముక దెబ్బకు అతుక్కుపోయింది. అమెరికాలో చార్లెస్ కెట్టరింగ్ అనే ఇంజనీరు కరెంటుతో పని చేసే స్టార్టరును రూపొందించగా క్యాడిలాక్ కంపెనీ తన 1912 కార్లకు దానిని అమర్చింది. ఆ తర్వాత కార్లకు హ్యాండిల్ క్రమంగా తగ్గిపోయింది. మన దేశంలో పాత అంబాసిడర్ల డిక్కీల్లో హ్యాండిల్ చాలాకాలం కనిపించింది. కార్ల యజమానుల చేతులకు ఆ విధంగా రక్షణ దొరికింది. మిల్లరు తిప్పే చేతులకు వంద సంవత్సరాలు దాటినా దొరకలేదు.

విమానాల వారు ఏం చేశారు?

రేణిగుంట విమానాశ్రయంలో దిగే పెద్ద విమానాలకు చేత్తో తిప్పే పని లేదు. పైలటు కూర్చున్న చోటు నుంచే ఇంజన్లు పలుకుతాయి. కానీ ఒకరిద్దరు ఎక్కే చిన్న విమానాలను మొదటి నుంచీ చేత్తోనే స్టార్టు చేసేవారు. ముందున్న ప్రొపెల్లరు రెక్కను పట్టుకుని మనిషి బలంగా కిందికి లాగి వదిలితే ఇంజను అందుకునేది. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో హైదరాబాదు బేగంపేటలో పైలట్లకు మొదటి పాఠాలు నేర్పిన టైగర్ మాత్ విమానాలు ఇలాంటివే. వాటికి స్టార్టరు లేదు, కొయ్య ప్రొపెల్లరును మనిషే తిప్పాలి. స్టార్టరు లేని పాత చిన్న విమానాలను ఇప్పటికీ కొన్ని దేశాల్లో ఇలాగే స్టార్టు చేస్తున్నారు.

ఆ పని హ్యాండిల్ తిప్పడంకంటే ఎన్నో రెట్లు ప్రమాదం. హ్యాండిల్ అయితే చెయ్యి విరుగుతుంది. ప్రొపెల్లరు అయితే మనిషే తెగిపోతాడు. ఇంజను అందుకుని నెమ్మదిగా, అంటే నిమిషానికి 600 చుట్లు తిరిగినా రెండు రెక్కల ప్రొపెల్లరు మనిషి నిలబడిన చోటును సెకనుకు 20 సార్లు దాటుతుంది. కంటికి అది రెక్కలా కనిపించదు, పొగమంచులా కనిపిస్తుంది. అక్కడ ఏమీ లేదనుకుని నడిచి వెళ్లినవారు వున్నారు.

ఆ ఇంజన్లలో మాగ్నెటో అనే సాధనం వుంటుంది. బ్యాటరీ అవసరం లేకుండా ఇంజను తిరిగినప్పుడల్లా తానే నిప్పురవ్వ పుట్టిస్తుంది. పైలటు దగ్గర వున్న స్విచ్చు చేసే పని మాగ్నెటో కరెంటును ఇంజను లోహంలోకి పంపి చల్లార్చడం మాత్రమే. ఆ తీగ ఎక్కడైనా తెగితే స్విచ్చు ఆఫ్ అని కనిపిస్తుంది కానీ మాగ్నెటో బతికే వుంటుంది. అప్పుడు ప్రొపెల్లరును ఊరికే పక్కకు జరిపినా ఇంజను ఒక్కసారిగా అందుకోవచ్చు. అందుకే విమానాల వారి మొదటి పాఠం ఏమిటంటే, స్విచ్చు ఏమి చెప్పినా సరే, ప్రొపెల్లరు ఎప్పుడూ ప్రాణంతో వున్నట్టే లెక్క. పాము తోలును చూసినా పాము అనుకుని తప్పుకునే మనిషిలా వుండాలన్న మాట. మన రైతులు వాడే గడ్డి కోసే యంత్రంలోనూ ఇదే తరహా ఏర్పాటు వుంది. బ్లేడుకు చుట్టుకున్న గడ్డిని తీసేముందు ఇంజను ఆపి ప్లగ్గు తొడుగు కూడా పీకెయ్యాలి. ఎంతమంది పీకుతున్నారు?

ఇంత ప్రమాదాన్ని విమానాల వారు ధైర్యంతో గెలవలేదు, కట్టుబాటుతో గెలిచారు. అమెరికా విమానయాన శాఖ పైలట్ల శిక్షణ పుస్తకంలో ఈ పద్ధతి వివరంగా వుంది. పనికి ఇద్దరు కావాలి, ఇద్దరూ నేర్చుకున్నవారై వుండాలి. ఒకరు లోపల బ్రేకు, స్విచ్చుల దగ్గర, ఒకరు బయట ప్రొపెల్లరు దగ్గర. చక్రాల కింద దిమ్మెలు పెట్టాలి. నిలబడే నేల గట్టిగా వుండాలి, బురద, తడి గడ్డి, గులకరాళ్లు వుండరాదు. వేళ్లు రెక్క చుట్టూ బిగించరాదు, ఎందుకంటే ఇంజను ఎదురు తన్నితే బిగించిన వేళ్లు మనిషిని రెక్కలోకి లాగుతాయి. లాగిన ఊపుతోనే శరీరం వెనక్కి, దూరంగా జరగాలి. బయటివాడు "స్విచ్ ఆఫ్" అని కేక వేస్తాడు. లోపలివాడు స్విచ్చు చూసి అదే మాట తిరిగి చెబుతాడు. తర్వాత "కాంటాక్ట్" అని కేక వేస్తాడు. లోపలివాడు "కాంటాక్ట్" అని బదులిచ్చిన తర్వాతే చెయ్యి రెక్క మీద పడుతుంది.

ఇందులో అన్నిటికంటే విలువైన మాట ఒకటి వుంది. ఇద్దరిలో పెత్తనం ఎవరిది? విమానం సొంతదారుదా? లోపల కూర్చున్న పైలటుదా? రెండూ కాదు. ప్రొపెల్లరు తిప్పే మనిషిదే. ఎవరి చెయ్యి ప్రమాదంలో వుందో ఆజ్ఞ వారిదే. ఆయన చెప్పనిదే లోపలివాడు ఏ మీటా కదపరాదు.

ఇద్దరు లేకుండా ఒంటరిగా చేసినప్పుడు ఏమవుతుందో కూడా లోకం చూసింది. 1997లో అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో ఒక పైలటు తన చిన్న విమానం ప్రొపెల్లరును చేత్తో తిప్పాడు. ఇంజను అందుకుంది. విమానం ఆయనను కిందే వదిలి కదిలిపోయి, గాలిలోకి లేచింది. మనిషి లేకుండా దాదాపు రెండు గంటలు ఎగిరి, ఇంధనం అయిపోయాక పొలాల్లో కూలింది. నవ్వు తెప్పించే కథే. కానీ గేరులో వున్న పవర్ టిల్లరుకు హ్యాండిల్ తిప్పితే అదీ ఇలాగే మనిషి మీదికి నడిచి వస్తుంది. గేరు న్యూట్రల్‌లో వుందా, క్లచ్చు ఎక్కడుంది అని చూసుకోకుండా తిప్పేవారు ఈ కథ విని నవ్వడానికి అర్హులు కారు.

రోషం దగ్గర వస్తున్న చిక్కు

మిల్లరు దగ్గర వున్నది దీనికి సరిగ్గా తలకిందులు. అక్కడ ఆజ్ఞ మేస్త్రిది, తొందర ఇంటాయనది, చెయ్యి మాత్రం కూలీది. "ఏందబ్బా, తిని వచ్చినావా లేదా?" అని ఒకరు. "మా నాయన ఒంటి చేత్తో తిప్పేవాడు" అని మరొకరు. ఆడవాళ్లు తట్టలు పట్టుకుని చూస్తుంటారు. పద్ధెనిమిదేళ్ల కుర్రవాడు ఆ మాటలు పడి, చాలని జోరుతో, అలసిన చేత్తో మరోసారి తిప్పుతాడు. నాలుగైదు సార్లు తిప్పి అలిసినవాడి చెయ్యే తన్ను తింటుంది. ఎందుకంటే అలసిన చెయ్యి చక్రానికి జోరు ఇవ్వలేదు. రెండుసార్లకు పలకకపోతే ఆగి, డీజిలు వస్తున్నదా, గొట్టంలో గాలి పట్టిందా అని చూడడం తెలివి. అలా ఆగినవాడిని పిరికివాడని ఎగతాళి చేసే వాడుక పల్లెల్లో పోవాలి. ఒక్క తిప్పుకే ఇంజను పలికించడం మగతనం అన్న మాట ఎవరు పుట్టించారో కానీ, అది ఎన్నో చేతులను తినేసింది.

బట్టల సంగతి వేరే చెప్పనవసరం లేదు. అయినా చెప్పవలసి వస్తున్నది. భుజం మీది తువ్వాలు తీసి పక్కన పెట్టాలి. పంచె, లుంగీ పైకి బిగించాలి. పక్కన పని చేసే ఆడవారు కొంగు దోపుకోవాలి, జడ ముడి వేసుకోవాలి. తిరిగే చక్రం, బెల్టు దగ్గర వేలాడే గుడ్డ ఏదైనా వురితాడే. చూడడానికి వచ్చిన పిల్లలను దూరంగా తరమాలి. ఇంజను పలికే ముందు చుట్టూ ఒకసారి చూడడం ఎవరి పని అంటే, అదీ హ్యాండిల్ పట్టుకున్న మనిషి పనే. వాడు చూడనిదే తిప్పరాదు, వాడిని తొందర పెట్టరాదు.

ఈ కట్టుబాటుకు చదువు అక్కరలేదు, ఖర్చూ లేదు. విమానాల వారి పద్ధతినే పల్లె భాషలో పెట్టుకోవచ్చు. హ్యాండిల్ మనిషి "లీవరు ఎత్తు" అంటే లీవరు మనిషి "ఎత్తినా" అని బదులు చెప్పాలి. చక్రానికి జోరు వచ్చాక హ్యాండిల్ మనిషి "వదులు" అనాలి. అప్పుడే, ఆ ఒక్క మాటకే లీవరు వదలాలి. పక్కన వున్న మేస్త్రి, ఇంటాయన, చుట్టాలు ఎవరు అరిచినా లెక్క చెయ్యరాదు. రెండు మూడు మాటలు. తేరు లాగేటప్పుడు ఒక్కరి కేకకే వందమంది తాడు పట్టడం ఈ జిల్లాల వారికి కొత్త కాదు.

హ్యాండిల్ విషయంలో మాత్రం కొంత ఖర్చు వుంది. అరిగిన హ్యాండిల్‌ను వెల్డింగు పెట్టించి మళ్లీ మళ్లీ వాడడం మిల్లరు యజమానులకు అలవాటు. ఒక మిషను హ్యాండిల్ ఇంకొక మిషనుకు బలవంతంగా తొడిగేవారు కూడా వున్నారు. కొత్త హ్యాండిల్ ధర ఒక చెయ్యి విరిగితే అయ్యే ఖర్చు ముందు ఎంత? మిల్లరును బాడుగకు తెచ్చే మేస్త్రి హ్యాండిల్ తొడిగి, సులువుగా పడుతున్నదా, సులువుగా ఊడి వస్తున్నదా అని చూసుకున్న తర్వాతే బాడుగ మాట్లాడాలి. సరిగా లేకపోతే మిషను వద్దనాలి. రెండు స్లాబులు అలా వెనక్కి పంపితే యజమానులే దారికి వస్తారు. బ్యాటరీతో స్టార్టయ్యే ఇంజన్లు కూడా బజారులో దొరుకుతున్నాయి. రోజూ బాడుగకు తిప్పే మిషనుకు అది అమర్చుకోవడం యజమానికి మోయలేని భారమేమీ కాదు.

చట్టం సగం దారిలో ఆగింది

నూర్పిడి యంత్రాల్లో చేతులు తెగిపోవడం చూసి కేంద్రం 1983లో ప్రమాదకర యంత్రాల నియంత్రణ చట్టం తెచ్చింది. యంత్రం తయారీ ఎలా వుండాలి, దెబ్బ తగిలినవారికి పరిహారం ఎలా అందాలి అన్నది అందులో రాశారు. పవర్ నూర్పిడి యంత్రాలను ఆ చట్టం నేరుగా పేర్కొన్నది. పల్లెల్లో, వ్యవసాయంలో వాడే ఇతర యంత్రాలను కూడా చేర్చే అధికారాన్ని కేంద్రానికి ఇచ్చింది. చేతితో తిప్పే ఇంజన్లకు ఆ తలుపు తెరవాలని అడగవలసిన అవసరం వుంది. ఏటవాలు గాడి అరిగితే గుర్తు తెలిసేలా, వెనక్కి తన్నినప్పుడు కూడా వదిలేలా హ్యాండిల్ తయారు చెయ్యడం ఇంజనీర్లకు అసాధ్యమైన పని కాదు.

పరిహారం సంగతి ఇంకా అన్యాయం. 1923 నాటి పనివారల నష్టపరిహార చట్టం బొటనవేలు పోతే సంపాదించే శక్తిలో నూటికి 30 వంతులు పోయినట్టు లెక్కగట్టింది. ఆ లెక్క వేసిన వారికి బొటనవేలి విలువ తెలుసు. కానీ ఒక్క రోజు స్లాబు పనికి వచ్చిన కూలీ ఎవరి మనిషి? మేస్త్రి "ఇంటాయనను అడుగు" అంటాడు. ఇంటాయన "మిల్లరు వాడిని అడుగు" అంటాడు. మిల్లరు యజమాని "నా మిషను బాగానే వుంది, వాడికే తిప్పడం రాదు" అంటాడు. ముగ్గురూ కలిసి చందా వేసినట్టు ఒక చిన్న మొత్తం చేతిలో పెట్టి పంపుతారు. కుర్రవాడు మూడు నెలలు పని లేకుండా కూర్చుంటాడు.

ఏడాదికి 20 రూపాయలు కట్టే ప్రధానమంత్రి సురక్షా బీమా వుంది కదా అనేవారున్నారు. మంచి పథకమే, ప్రతి కూలీ కట్టుకోవలసిందే. అందులో ప్రాణం పోతే 2 లక్షలు, ఒక చెయ్యి పూర్తిగా పనికి రాకుండా పోతే లక్ష వస్తుంది. కానీ విరిగి అతుక్కున్న మణికట్టుకు, తెగిన బొటనవేలికి అందులో పైసా రాదు. హ్యాండిల్ ఇచ్చే దెబ్బలు ఎక్కువగా ఆ రెండే. కాబట్టి పని మొదలయ్యే ముందే, టెంకాయ కొట్టేటప్పుడే, దెబ్బ తగిలితే ఆస్పత్రి ఖర్చు ఎవరిది అన్న మాట మేస్త్రి, ఇంటాయన నలుగురి ముందు తేల్చుకోవాలి. అశుభం మాట్లాడుతున్నారని ముఖం చిట్లించేవారు చిట్లించనీ.

అధికారులు చెయ్యగలిగిన పని ఒకటి వుంది, దానికి జీవోలు అక్కరలేదు. జిల్లాల్లోని ఐ.టి.ఐ.ల్లో డీజిల్ మెకానిక్కు పాఠం చెప్పే మాస్టర్లు వున్నారు. కలికిరిలో కృషి విజ్ఞాన కేంద్రం వుంది. తిరుపతిలో వ్యవసాయ కళాశాల వుంది. ఊరూరా రైతు సేవా కేంద్రాలు వున్నాయి. ఎరువులు, విత్తనాల గురించి చెప్పే సభలోనే ఒక ఇంజనును తెచ్చి పెట్టి, లీవరు ఎలా పట్టాలి, బొటనవేలు ఎక్కడ వుండాలి అని పావుగంట చూపిస్తే చాలు. మాటలతో చెబితే ఎక్కదు, చేత్తో పట్టించి చూపాలి. ఒకప్పుడు బావి అరుగుల మీద ఇంజను తిప్పిన పెద్దవారు ప్రతి ఊళ్లోనూ ఇంకా నలుగురైదుగురు వున్నారు. మాస్టర్లు దొరకని చోట వారినే పిలిచి కుర్చీ వేసి కూర్చోబెట్టవచ్చు. వారికి అది గౌరవం కూడా.

చెరకు కొట్టడం మొదలైతే గానుగలు రాత్రింబవళ్లు తిరుగుతాయి. అర్ధరాత్రి ఇంజను ఆగిపోయి, నిద్ర మత్తులో లేచి, గుడ్డి దీపం వెలుతురులో హ్యాండిల్ తిప్పే వేళ అన్నిటికంటే చెడ్డ వేళ. గానుగ యజమానులు ఈ ఏడాది పొయ్యి వెలిగించక ముందే హ్యాండిల్ గాడి, ఇరుసు పిన్ను చూపించుకుని, ఇంజను దగ్గర ఒక మంచి బల్బు కట్టించి, రాత్రి పూట హ్యాండిల్ ముట్టవలసిన ఇద్దరు ఎవరో ముందే పేర్లు చెప్పి పెట్టుకోవాలి. మూడోవాడు దానిని ముట్టరాదు.